ఫ్రిజ్‌లో హిమాలయం

ఆ నెలలో అది మూడో చావు. శ్రీరామ్మూర్తి అన్నం ముట్టలేదు.

"ఏటమ్మా, ఇంకోటి పోనాదా?" గుమ్మంలో చేపల తట్ట దించుతూ అడిగింది పోతమ్మ.

"తెల్లారి చూసేసరికి వాడిపోయి ఉంది," అంది కామేశ్వరి.

పోయింది మొక్క. శ్రీరామ్మూర్తి బోటనీ లెక్చరరు. హిమాలయాల్లో చెట్లు కూడా పెరగనంత ఎత్తున, మంచు పక్కన మొలిచే బుల్లి మొక్కలు ఐదింటిని మద్దిలపాలెంలోని తన ఇంటికి తెప్పించుకున్నాడు. లోకంలో పొగ గొట్టాలు ఇలాగే పెరుగుతూ పోతే కొండలు కూడా వేడెక్కుతాయి, అప్పుడు ఈ మొక్కల గతేమిటన్నది ఆయన పరిశోధన. అందుకని వాటిని కొత్త ఫ్రిజ్‌లో పెట్టి, లోపలొక లైటు బిగించి, వారం వారం కాస్త కాస్త చల్లదనం తగ్గిస్తున్నాడు.

పాలూ పెరుగూ బయట గట్టు మీద ఉన్నాయి.

"నా తట్టలో సేపకున్న సల్లదనం నీ పాలకి నేదు గదమ్మా!" పోతమ్మ నవ్వింది.

కామేశ్వరికి నవ్వు రాలేదు. ఆ ఫ్రిజ్ కోసం ఆవిడ మూడేళ్లు ఎదురుచూసింది.

"ఏవండీ, ఆ రెండూ కూడా పోతే ఫ్రిజ్ నాకిచ్చేస్తారా?"

"పోతే ఇంకో పాతిక తెప్పిస్తాను. ఒక్కటైనా వేడికి అలవాటుపడి బతికిందనుకో, ఇక దానికి ఫ్రిజ్‌తో పనేముంది? అప్పుడు నీదే."

నాలుగోది కూడా పోయింది. శ్రీరామ్మూర్తి గడ్డం పెంచాడు. ఇరుగుపొరుగు పలకరించడానికి వచ్చారు. కాఫీ వద్దన్నారు. లేచేటప్పుడు 'వెళ్లొస్తాం' అనకుండా వెళ్లారు.

ఐదోది తల వాల్చింది. అంతా అయిపోయిందనుకున్నారు. ఒకనాడు పొద్దున్నే చూస్తే అది తలెత్తుకుని నిలబడి ఉంది.

శ్రీరామ్మూర్తి చల్లదనం ఇంకా తగ్గించాడు. కొత్త ఆకులు వేసింది. ఫ్రిజ్ ఆపేసి తలుపు బార్లా తీశాడు. కొమ్మలు వేసింది. దాన్ని మేడ మీద పెట్టాడు. మే నెల. రొయ్యలు పూటలో ఎండిపోయే ఎండ. పసుపుపచ్చని పువ్వు పూసింది.

కబురందుకుని, ఆయన పరిశోధనకి గైడు నీలకంఠం గారు హైదరాబాదు నుంచి దిగారు. ఆయనకి నమ్మకం కలగలేదు.

"ఎవరో దొంగచాటుగా ఐసు పెడుతున్నారోయ్," అంటూ పోతమ్మ వైపు చూశారు.

"నా సేపలకే సాలక సత్తన్నాను! నీ మొక్కకేటెడతాను బావూ?"

నీలకంఠం గారు గొడుగు వేసుకుని, మొక్క ఎదురుగా కుర్చీ వేసుకుని మూడు రోజులు కాపలా కాశారు. ఆయనకి వడదెబ్బ తగిలింది. మొక్కకి తగల్లేదు.

నెత్తిన తడిగుడ్డతో మంచం మీంచే శ్రీరామ్మూర్తి చెయ్యి పట్టుకున్నారు. "నీ డాక్టరేటు ఖాయం! కొండలు వేడెక్కి మిగతావన్నీ నశించినా ఇదొక్కటి చాలు, హిమాలయాలు పచ్చగా ఉంటాయి. నేనే స్వయంగా తీసుకెళ్లి మంచు పక్కన నాటి, దీని వంశం పెంచుతాను."

వారం తిరక్కుండా ప్రయాణం. కుండీని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కారు. శ్రీరామ్మూర్తి ఆనందంతో ఏడ్చాడు. పోతమ్మ కూడా ఏడ్చింది.

ఫ్రిజ్‌లోకి పాలొచ్చాయి, పెరుగొచ్చింది, నాలుగు రకాల కూరలొచ్చాయి.

చల్లటి మజ్జిగ గ్లాసు చేత పట్టుకుని కూడా కామేశ్వరికి ఒకటే దిగులు: పెరటి నూతి గట్టున పుట్టి పెరిగిన గంగపాయల కూర మొక్క, చచ్చిన ఐదోదాన్ని పారేసి తను గుచ్చిన పాపానికి, ఆ మంచులో ఎన్నాళ్లు బతుకుతుందోనని.