దిష్టికి వదిలిన కాయ

"తెంపకే!" హామిల్టన్ శివారులోని తన యాపిల్ తోటలో లక్ష్మణరావు కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "చెట్టుకో పురుగు కాయ ఉంటే తోటకి దిష్టి తగలదు."

"పురుగు తొలిచిన కాయ వాసనకే ఇంకా పురుగులొస్తాయి నాన్నా. ల్యాబ్‌లో నేను చూసేదే అది," అంది సుహాసిని.

కాయలు కోసుకోవడానికి పిలిచిన తెలుగువాళ్ల కారు గేటు దగ్గర ఆగింది. ఆమె గొంతు తగ్గించింది.

"వీళ్లకీ నా విడాకుల సంగతి చెప్పేశావా?"

"చెప్పాను. మనం బాగున్నామని నలుగురి కళ్లూ పడకూడదని..."

"అందుకే వారం వారం ఎవరో ఒకరు వచ్చి నన్ను గుచ్చి గుచ్చి అడుగుతున్నారు."

ఆయన చూపు ఆ పురుగు కాయ మీదికి మళ్లింది.

"అమ్మాయి ఒక్కతే వచ్చిందా, రావుగారూ?" కారు దిగుతూనే జాలిగా అడిగాడు పెద్దమనిషి.

లక్ష్మణరావు ఆ కాయను పుటుక్కున తెంపి జేబులో వేసుకున్నాడు.

"మా అమ్మాయి సైంటిస్టండీ. బంగారం!" అన్నాడు, అందరికీ వినపడేలా.