గరాజ్‌లో ముళ్ళ మొక్క

దా తేజశ్రీ, ఆ కోటు విప్పి నా పక్కన కూర్చో. చలికి ముక్కు ఎలా కందిపోయిందో చూడు. ఈ కుండీ జాగ్రత్త, ముళ్ళు.

నిమ్మకాయంత ఈ మొక్క గురించి నేను ఒక చలికాలమంతా అబద్ధం ఆడాను. అది చెబుతా, విను.

నీకంటే చాలా ముందు మన బేస్‌మెంట్‌లో రాజోలు పిల్ల హోప్ అద్దెకి ఉండేది. కెనడా వచ్చి ఈ సార్నియాలోనే కాలేజీ, తర్వాత ఓల్డేజ్ హోమ్‌లో పని.

అక్కడ ఏనీ గారని ఒక పెద్దావిడ. ఒక నవంబరులో ఈ కుండీని హోప్ చేతిలో పెట్టారట.

"మా ఆయన తెచ్చిన మొక్క. ఆయన పోయాక పూయలేదు. ఏప్రిల్లో నాకు తొంభై నిండుతాయి. ఒక్క పువ్వు చూపిస్తావా?"

బేస్‌మెంట్‌లో ఎండ రాదు కదా. హోప్ దాన్ని తెచ్చి మా వంటింటి కిటికీలో పెట్టింది.

నా ప్రాణం గిలగిల్లాడింది. ముళ్ళ మొక్క ఇంట్లో ఉంటే గొడవలని, నరసాపురంలో మా అమ్మ గుమ్మం దాటనిచ్చేది కాదు.

చర్చికెళ్ళే మనిషివి, ఇవి నమ్ముతావా అంటావు. ఆదివారం నమ్మను. మిగతా ఆరు రోజుల సంగతి చెప్పలేను.

ఆ పిల్ల అటు వెళ్ళగానే, కుండీని గరాజ్‌లో మంచు తీసే పార పక్కన, చిన్న కిటికీలో పెట్టేశాను. చుక్క నీళ్ళు పొయ్యలేదు.

"మామ్మగారూ, నా మొక్కేదీ?"

"నా గదిలో ఎండ బాగా వస్తుందే. అక్కడుంది."

"ఎలా ఉంది?"

"నాకంటే బాగుంది."

జనవరిలో ఓ రోజు బస్సు కోసం గంట నిలబడి వచ్చింది. బూట్లయినా విప్పకుండా మెట్ల మీద కూలబడింది.

"ఈ చలి నా వల్ల కాదు మామ్మగారూ. ఆవిడకి పువ్వు చూపించి రాజోలు ఇంటికి వెళ్ళిపోతా."

అప్పుడైనా గరాజ్ తలుపు తియ్యాల్సింది. మొక్క చచ్చిపోయి ఉంటుందని భయమేసి తియ్యలేదు.

ఏనీ గారి పుట్టినరోజు పొద్దున్నే హోప్ కుండీ ఇమ్మంది. ప్రార్థన చేసుకుంటూ గరాజ్‌లోకి వెళ్ళాను.

మొక్క ముడుచుకుపోయి ఉంది. మొదలు చుట్టూ ఎర్రెర్రగా ఏడు పువ్వులు.

తెచ్చి చేతిలో పెట్టగానే హోప్ నన్ను వాటేసుకుంది. ఇద్దరం కుండీ పట్టుకుని ఏనీ గారి దగ్గరికి వెళ్ళాం.

ఏనీ గారు నా రెండు చేతులూ పట్టుకుని, ఏం పెట్టి పెంచావని ఇంగ్లీషులో అడిగితే, హోప్ నాకు తెలుగులో చెప్పింది. ఆ చేతుల మధ్య ఇంక అబద్ధం రాలేదు.

"గరాజ్‌లో పడేశానని చెప్పవే."

"పడేశారా! నీళ్ళో?"

"పొయ్యలేదు."

"మామ్మగారూ!"

హోప్ ఆవిడకి చెప్పలేక చెప్పింది. ఏనీ గారు మంచం ఊగేలా నవ్వారు.

ఎక్కడో ఎత్తైన కొండల మీద పుట్టిన మొక్కట. చలికాలమంతా నీళ్ళు లేకుండా చలిలో ఉంటేనే పూస్తుందట.

"మా ఆయన ఏటా షెడ్‌లో పెట్టేవాడు. ఆయన పోయాక, దాన్నొక్కదాన్నీ చలిలో వదలడానికి గానీ, వదలమని హోప్‌కి చెప్పడానికి గానీ నాకు మనసొప్పలేదు," అన్నారు.

హోప్ ఇంటికి వెళ్ళిపోలేదు. ఇప్పుడు మాంట్రియల్లో ఉంది. ఫోన్ చేస్తే నాకంటే ముందు మొక్కని అడుగుతుంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు, నవంబరు రాగానే ఏనీ గారు కుండీ పంపేవారు. ఏప్రిల్లో పువ్వులతో తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని.

ఇప్పుడిక నా దగ్గరే ఉంటోంది.

ఇదంతా గుర్తుపెట్టుకో. నీ తర్వాత ఈ బేస్‌మెంట్‌కి వచ్చే పిల్లని కూర్చోబెట్టి చెప్పు. నా అబద్ధం కూడా కలిపే చెప్పు.

లే, ఆ గరాజ్ తలుపు తియ్యి. దీన్ని చలిలో పెట్టి వద్దాం.