రొద మింగే పెట్టె

సుదర్శనం గారి హోం థియేటర్ గుర్రుమంటోందని మెకానిక్ వరాలు వచ్చింది. ఈ రోజుల్లో ఏ ఇంట్లో చూసినా, యజమాని రొద అన్న ప్రతి చప్పుడునీ మింగేసే పెట్టె ఉంటుంది. ఈయన తన పెట్టెకి రాసిచ్చిన జాబితాలో కుక్కరు, మిక్సీ, భార్య గొంతు ఉన్నాయి.

ఆ భార్య అనసూయమ్మ మంచినీళ్ళిస్తూ ఏదో చెప్పింది. పెదాలే కదిలాయి.

వరాలు వైర్లు ఒక్కొక్కటే పీకి చూసింది. పెట్టె వైరు పీకగానే గుర్రు ఆగింది, అనసూయమ్మ గొంతు మోగింది.

"దసరా పూజకి ఆ పెట్టె ప్లగ్గులో కూడా కుంకుమ అద్దారు కదండీ! అందుకే ఈ గోలని అప్పట్నుంచీ మొత్తుకుంటున్నా!"

"ఇదమ్మాయ్ అసలు రొద! ముందు పెట్టె తగిలించు," అన్నాడు ఆ పెద్దమనిషి.

వారానికి పది పెట్టెలు బాగుచేసే వరాలు ఆయన్ని ఎగాదిగా చూసి, "ఇది ఇక పనిచెయ్యదండీ," అని దాన్ని సంచిలో వేసుకుంది.