పెళ్లి దగ్గర ఆగిన నవల

భాస్కర్ రాస్తున్న ప్రేమ నవలను మూడో భాగానికే పాఠకులు వదిలేశారు.

కొత్తగూడెంలో లెక్కల మాస్టారు అతను. బడి నుంచి రాగానే ఫోన్‌లో రాసి, ఒక కథల యాప్‌లో పెట్టేవాడు. ఆ సాయంత్రం కామెంట్లు చూసి టీ కూడా ముట్టలేదు. ‘హీరోయిన్ పావని క్యాలెండర్ బొమ్మలా ఉంది’ అన్నారొకరు. ‘ఇలాంటి అమ్మాయిని ఎవరైనా చూశారా’ అని ఇంకొకరు.

“నేను చూసిన,” అన్నాడు భాస్కర్, ఫోన్‌కేసి చూస్తూ.

అతని భార్య ప్రమీల దవాఖానాలో నర్సు. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. ఫోన్ తీసుకుని మూడు భాగాలూ నిలబడే చదివింది.

“పావని గిట్ల ఊకె కన్నీళ్లు పెట్టుకోదు,” అంది. “కోపమొస్తే ఇంకో ముద్ద ఎక్కువ తింటది. నవ్విందంటే పక్కింటోళ్లకు వినబడ్తది. సన్నజాజులు పెట్టినవేంది? పూల వాసనకు తుమ్ములు రావా?”

భాస్కర్ ఆమె ముఖంలోకి చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు. అన్నీ మార్చి రాశాడు.

ఆ రోజు నుంచి ప్రతి భాగమూ ప్రమీల చూశాకే యాప్‌లోకి వెళ్లేది. తల్లాడ బస్టాండులో హీరో పావనికి తన ప్రేమ సంగతి చెప్పే చోట భాస్కర్ ఆగిపోయాడు. ఆమె ఏం జవాబిచ్చిందో ఎంతకీ గుర్తు రాలేదు.

“‘బస్సొచ్చేలోపల ఇంకోసారి చెప్పు, సరిగ్గ వినబడలే’ అన్నది,” చెప్పింది ప్రమీల, పాపకు అన్నం కలుపుతూ.

“నీకింకా యాదికున్నదా?”

“గసొంటి మాటలు ఆడోళ్లు మర్చిపోరు.”

ఆ ఒక్క మాటకే వందలమంది మెచ్చుకున్నారు. వదిలేసి పోయినవాళ్లు తిరిగొచ్చి మొదటి నుంచీ చదివారు.

పెళ్లయిన కొన్నాళ్లకు పావని జ్వరంతో చనిపోతుందని ఆఖరి భాగం రాశాడు భాస్కర్. ప్రమీల ఒప్పుకోలేదు.

“చంపకు. పెండ్లి కాడ ఆపెయ్. చదివేటోళ్లకు గంతే కావాలె. ఆ తర్వాతది ఎవలికీ అక్కర్లే.”

అతను అక్కడే ఆపేశాడు.

ఖమ్మం పబ్లిషర్ ఒకాయన పుస్తకం వేశాడు. ఆవిష్కరణ రోజు హాలు నిండిపోయింది. వేదిక మీద భాస్కర్ పావని పేరు పదే పదే పలికాడు. ప్రమీల పేరు మాత్రం ఎత్తలేదు. ముందు వరుసలో కూర్చున్న ప్రమీల అందరితోపాటు చప్పట్లు కొట్టింది.

సభ అయ్యాక పుష్పలత అనే కాలేజీ లెక్చరర్ పుస్తకం పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చింది.

“సార్ మిమ్మల్ని ఎంత ప్రేమించిన్రో పేజీ పేజీల కనబడుతుంది మేడం. పావని మీరే కదా? ఈడ మీ సంతకం కావాలె.”

ప్రమీల పెన్ను అందుకోలేదు.

“పావని అంటే నేను కాదమ్మా, మా అక్క సోని. ఆమె పోయినంక, ఆమె పసిబిడ్డను సాకేటందుకు నన్ను సార్‌కిచ్చి చేసిన్రు.”