పసుపు చుక్క

అన్న డెస్మండ్ తన మీద అలిగే కన్నుమూశాడా అన్న సందేహం విల్ఫ్రెడ్‌ను పన్నెండేళ్లుగా వదల్లేదు.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, అన్న ఇంటి షెడ్డులో, విడిభాగాలు తెప్పించుకుని, ఇద్దరూ ఒక స్పోర్ట్స్ కారు తయారుచేస్తుండేవారు. ఒకరు బిగించిన బోల్టును రెండోవారు సరిచూసి పసుపురంగు చుక్క పెట్టాలన్నది వాళ్ల నియమం. ఆ రాత్రి అన్న ఫోన్ చేశాడు. "ముందు చక్రాలు బిగించాన్రా, వచ్చి చూడు." చాపెల్లో ప్రార్థన ఉంది, రేపొస్తానన్నాడు విల్ఫ్రెడ్. తెల్లారేసరికి అన్న లేడు.

ఈ చలికాలం వదిన ఎనిడ్ అడిగితే మిగతా పని ఒక్కడే పూర్తిచేశాడు. రేపు ఆమెను ఎక్కించుకుని బయల్దేరాలి.

"రేపైనా కదులుతుందా? లేక చివరికి నన్ను శ్మశానానికే తీసుకెళ్తావా ఇందులో?" టీ అందిస్తూ అంది ఎనిడ్.

"పడుకోడానికి చోటు లేదొదినా, కూర్చునే రావాలి."

ఆమె నవ్వుతూ ఇంట్లోకి వెళ్లిపోయింది. రేకుల మీద వాన ఆగింది.

విల్ఫ్రెడ్ దీపం కిందికి వంచాడు. తను బిగించిన బోల్టులన్నిటి మీదా పసుపు చుక్కలున్నాయి. సరిచూసే మనిషి లేక తను రంగుడబ్బా మూతే తీయలేదు. ముట్టుకుంటే వేలికి తడి అంటింది.

స్టీరింగ్ కింద ఒక్క బోల్టుకు మాత్రం చుక్క లేదు. పానా వేస్తే వదులుగా తిరిగింది.

దాన్ని గట్టిగా బిగించాడు.

"కోపం లేదు కదన్నా?"

వెనక ఎవరో మెల్లగా ఊపిరి వదిలిన చప్పుడైంది. అతను తిరిగి చూడలేదు. ముందు చక్రం దగ్గర మోకరిల్లి, అన్న బిగించిన బోల్టులను ఒక్కొక్కటే సరిచూసి, చుక్క పెట్టాడు.