బెంచీ మీద బ్రోకరు

"ఏవండీ, పైన కట్టేవాళ్లు ఒక ఉత్తరం..."

"వద్దండి," అన్నాడు ఫణికిరణ్, పెద్దాయన మాట పూర్తికాకుండానే.

ఏలూరులో ఆ బ్యాంకు తలుపు పక్కన బెంచీ మీద కూర్చుంటాడా పెద్దాయన. వెలిసిపోయిన చొక్కా, జేబులో రెండు పెన్నులు. వచ్చినవాళ్లకి ఫారాలు నింపిపెడుతుంటాడు.

"బ్రోకరు," అన్నాడు ఫణికిరణ్ భార్య చెవిలో. "ఒక్కసారి తలూపామా, యాభై రూపాయలు."

యాభై అనగానే కుసుమ పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుంది.

ఫణికిరణ్ ఓ ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. శనివారపుపేటలో రెండు గదుల ఇల్లు కొన్నాడు. ఇరవై ఏళ్ల అప్పు. దాన్ని ఎనిమిదేళ్లలో తీర్చిపారెయ్యాలని మొగుడూ పెళ్లాం పంతం పట్టారు. నెలనెలా వాయిదా కాక, మిగిల్చిన ప్రతి రూపాయీ బ్యాంకులో పైన కట్టేవారు.

మిగల్చడమంటే మాటలా? పిల్లల జుట్టు కుసుమే కత్తిరించేది. కొడుకు భరత్ తల చూసి స్కూల్లో ఎవరూ నవ్వేవారు కాదు, జాలిపడేవారు. బూట్లు రెండు సైజులు పెద్దవి కొని, ముందర గుడ్డ కుక్కి తొడిగేవారు. బస్సెక్కితే భరత్‌కి ఏటా నాలుగేళ్లే.

ఇక షికారంటారా, నెలలో మొదటి శనివారం అందరూ కలిసి బ్యాంకుకే. అక్కడ ఏసీ ఉంటుంది. చల్లటి నీళ్లు ఊరికే ఇస్తారు.

"నాన్నా, కొల్లేరు పక్షుల దగ్గరికి ఎప్పుడు?" అని అడిగేది సాహితి ప్రతిసారీ.

"అప్పు సగం తీరిన రోజునమ్మా. పక్షులెక్కడికి పోతాయి?"

"పోతాయండి," అన్నాడు ఓసారి బెంచీ మీది పెద్దాయన. "పిల్లలు కూడా..."

"చూశావా, టూర్లు కూడా మొదలెట్టాడు," అన్నాడు ఫణికిరణ్.

భరత్ చేతిలో ఓ రోజు పిప్పరమెంటు కనబడింది. కుసుమ వాడి చెయ్యి పట్టుకుంది.

"ఎవరిచ్చార్రా?"

"తాతగారు."

"ఆ బ్రోకరుతో మళ్లీ మాట్లాడావంటే వీపు చీరేస్తాను. రేపు బిల్లు మనకే వస్తుంది."

కౌంటర్లో లిడియా అనే అమ్మాయి అడిగేది, "స్టేట్‌మెంటు తీసుకుంటారా సార్?"

"ఛార్జీ ఉందాండి?"

"ఉందండి."

"అయితే వద్దులెండి."

లెక్కంతా సాహితి పాత నోటుబుక్కు వెనక పేజీల్లో ఉంది. ఫణికిరణ్ తీసివేతల్లో దిట్ట.

నాలుగేళ్లు గడిచాయి. జనవరి మొదటి శనివారానికి నోటుబుక్కు ప్రకారం అప్పు సరిగ్గా సగానికి దిగింది.

ఆ ఉదయం కుసుమ పులిహోర కలిపింది. బ్యాంకులో డబ్బు కట్టి, అటునుంచి అటే కైకలూరు బస్సు. పిల్లలకి రాత్రంతా నిద్రలేదు.

బెంచీ ఖాళీగా ఉంది.

"హమ్మయ్య," అనుకున్నాడు ఫణికిరణ్.

"సగం తీరినట్టేగా అమ్మా?" అన్నాడు కౌంటర్లో, నలుగురికీ వినబడేలా.

లిడియా కంప్యూటరు వైపు చూసింది. మళ్లీ చూసింది.

"పావు కూడా తగ్గలేదండి. మీరు పైన కట్టిందంతా విడిగా పడుంది. అసల్లో కలపమని ఉత్తరం రాసిచ్చారా?"

ఫణికిరణ్ జేబు తడుముకున్నాడు.

"దానికెంత అవుతుందండి?"

"తెల్లకాగితమండి, ఏమీ అవదు. ఇవాళ ఇస్తే ఇవాళ్టి నుంచి కలుస్తుంది. వెనకటి వడ్డీ మాత్రం వెనక్కి రాదు." లిడియా బెంచీ వైపు చూసింది. "శ్రీరంగనాయకులు గారు మీకు చెప్పలేదా? అందరికీ చెప్పేవారే."

"ఆయన... ఎంత అడుగుతాడోనని..."

"ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదండి ఆయన. పోయిన నెల్లో కాలం చేశారు."

దారంతో కట్టేసిన బ్యాంకు పెన్నుతో ఫణికిరణ్ ఉత్తరం రాశాడు. ఆయన్ని ఒక్క మాటైనా పూర్తి చెయ్యనివ్వలేదే అని సిగ్గేసింది.

"ఇంటికెళ్దాం పదండి. కొల్లేరు ఇంకో నాలుగేళ్లకి చూద్దాం," అన్నాడు భార్యాపిల్లలతో.

పదకొండేళ్ల సాహితి తల వంచుకుని నిలబడింది.

కుసుమ కళ్లు తుడుచుకుంది.

"ఏవండీ, పులిహోర పాడైపోతుందండి."

ఫణికిరణ్ పులిహోర డబ్బా అందుకుని బస్సు దారి పట్టాడు. వస్తువు పాడవడం వాళ్లింటా వంటా లేదు.

కైకలూరు బస్సులో కండక్టరు భరత్ వైపు అనుమానంగా చూశాడు.

"బాబుకి ఎన్నేళ్లండి?"

"నాలుగు," అన్నాడు భరత్ అలవాటుగా.

"ఎనిమిదండి," అన్నాడు ఫణికిరణ్. "నాకు ఫుల్లు, వాడికి హాఫ్ ఇవ్వండి. ఆడవాళ్లిద్దరికీ ఎలాగూ ఫ్రీయే కదా."

కొడుకు తండ్రిని వింతగా చూశాడు.

"పైసా తీసుకోనివాడు రోజంతా ఆ బెంచీ మీద ఎందుకు కూర్చునేవాడో," అన్నాడు ఫణికిరణ్ తనలో తాను.

"నాకు తెలుసు నాన్నా. నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడల్లా చెప్పేవారు."

"మరి నాకు చెప్పలేదేంరా?"

"బ్రోకరుతో మాట్లాడితే వీపు చీరేస్తానందిగా అమ్మ."

కుసుమ కిటికీ వైపు తిరిగింది.

"ఏం చెప్పేవారు?" అన్నాడు ఫణికిరణ్.

"తాతగారు కూడా ఆ ఉత్తరం ఇవ్వకుండానే పద్దెనిమిదేళ్లపాటు పైన డబ్బు కట్టారంట నాన్నా, అప్పు తీరాక కొల్లేరు వెళ్దాం రారా అని పిలిస్తే, అప్పటికి మీసాలొచ్చేసిన వాళ్లబ్బాయి 'ఇప్పుడెందుకు నాన్నా' అన్నాడంట."