కత్తికి వయసు

కత్తి మొన విరిగిన చప్పుడు చిన్నదే. ఆమెకు మాత్రం ఇల్లు కూలినట్టు వినిపించింది.

తుప్పుపట్టిన డబ్బా మూత రానంది. స్క్రూడ్రైవరు వెతకడానికి బద్ధకించి, సొరుగులో చేతికందిన కత్తి మొన దూర్చి పైకెత్తింది. మూత రాలేదు, మొన ఊడొచ్చింది.

మామూలు కత్తయితే బాధ లేదు. అది మాస్టరుది. మాస్టరంటే బడిలో మాస్టరు కాదు, పెద్ద హోటల్లో వంటమాస్టరు, ఆమె మొగుడు. ఆయనకి పని నేర్పిన గురువు పోతూ పోతూ చేతిలో పెట్టిన కత్తి అది. పెళ్లయిన కొత్తలో ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"నన్ను తిట్టు, నా వంటని తిట్టు. నా కత్తి జోలికి మాత్రం రాకు."

ఇన్నేళ్లూ రాలేదు. వచ్చిన మొదటిరోజే ఇలా ఏడిసింది.

మాస్టరు వేలు తెగి, కట్టుతో ఇంట్లోనే ఉన్నాడు. ఈ మధ్య తెగడం ఇది రెండోసారి. పని లేని మనిషికి చిరాకెక్కువ. టీ సగం బల్లమీద ఒలకబోసి, సాసరు వంకరగా ఉందన్నాడు. కట్టు విప్పగానే డ్యూటీకి వెళ్తానని రోజూ అంటున్నాడు. ఆలోపల ఏదో ఒకటి చెయ్యాలి.

చెల్లెలికి ఫోన్ చేసింది. అది సంచి భుజాన వేసుకుని వాలిపోయింది.

"బావవి డేగ కళ్లక్కా! ఉప్పెక్కువైతే గిన్నెలోకి చూసే చెప్పేస్తారు, నోట్లో పెట్టుకోనక్కర్లేదు. కొత్త కత్తి పెడితే ఇట్టే పట్టేస్తారు."

"మరెలాగే?"

"దానికి వయసు తెద్దాం. ఉక్కుకి పులుపు తగిలితే నల్లబడుతుంది."

అచ్చం అదే కొలతలో కొత్త కత్తి కొన్నారు. పిడికి మాస్టరు ఎప్పటికప్పుడు కొత్త టేపు చుట్టుకుంటాడు గనక ఆ బెంగ లేదు, అదే టేపు చుట్టారు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే వెనిగర్లో నానబెట్టారు. సాయంత్రానికి అది తలంటిపోసుకున్న పిల్లలా తళతళలాడుతూ బయటికొచ్చింది.

తిరిగి కొట్టుకి వెళ్లి అడిగితే కొట్టువాడు పగలబడి నవ్వాడు. "అది స్టెయిన్‌లెస్సమ్మా! జన్మలో రంగెక్కదు. మీకు కావలసింది మామూలు ఉక్కుది."

మామూలు ఉక్కుది కొని, దానికీ టేపు చుట్టి మళ్లీ మొదలుపెట్టారు. జిడ్డు పోయేలా సబ్బుతో కడిగి, వేడి వెనిగర్లో ముంచితే బూడిదరంగు తిరిగింది. ఆవపిండి ముద్ద వేలితో అక్కడక్కడా అద్దితే మరకలు పడ్డాయి. నిమ్మచెక్క రుద్దితే అంచు గోధుమరంగయింది. అసలు కష్టమంతా పిడి దగ్గరి మచ్చతోనే. పాత కత్తికి అక్కడ నెమలికంఠం రంగులో ఒక మచ్చ ఉండేది. పచ్చి బంగాళదుంప ముక్కలు మార్చి మార్చి అదిమితే చివరికి ఆ నీలం వచ్చింది.

"ఏంటే ఆ పుల్లకంపు?" గదిలోంచి మాస్టరు అరిచాడు.

"సింకు కడుగుతున్నానండీ!"

అబద్ధమాడటం ఆమెకు చేతకాదు. ఆయన పసిగట్టే ఉంటాడని భయం. భోజనం దగ్గర ఆమె ముఖంకేసి చూడటమే మానేశాడు. మాట్లాడితే ఆమె చెవి పక్కనున్న గోడతో మాట్లాడుతున్నట్టు ఉంటోంది.

ఉండబట్టలేక అడిగేసింది. "ఏమండీ, నామీద కోపమా?"

"నీమీదెందుకే? నువ్వేం చేశావు?"

ఆమె గబగబా ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

ఆయనే, "ఈ పని పోతే నాకింకేం వచ్చే?" అన్నాడు.

"ఎందుకు పోతుంది?"

"ఊరికే అన్నాన్లే."

ఆమె తన కంచం ఎత్తేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లు పాత దుప్పటి చింపి రెండు కత్తులకీ చుట్టారు. రంగెక్కినది మరకలు చెదరకుండా గుడ్డతోనే సొరుగులోకి వెళ్లాలి. స్టెయిన్‌లెస్‌ది చెత్తలోకి, ఎత్తేవాళ్ల చెయ్యి తెగకుండా గుడ్డతో సహా. అంతలో పక్కగదిలో మంచం కిర్రుమంది. చెల్లెలు విరిగిన కత్తిని సంచిలో కుక్కుకుని వీధిన పడింది. ఆమె ఒక మూట సొరుగులో పడేసి, రెండోది పిండి డబ్బా వెనక్కి తోసింది.

మాస్టరు కట్టు విప్పాడు. తెల్లారి డ్యూటీకి తయారయ్యాడు. సొరుగు తెరిచి మూట తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు.

ఆమె గుమ్మం ఇవతలే గోడకి ఆనుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. గుడ్డ విప్పుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. తిట్టినా బాగుండనిపించింది. కనీసం నిజం చెప్పేసి ఏడవొచ్చు.

"ఏమే!"

"ఆఁ..."

"పిడి దగ్గర ఈ నెమలికంఠం రంగు మచ్చ ఉంది చూడు. లక్ష కత్తుల్లో కలిపేసినా, ఇదొక్కటి చూసి మా గురువుగారిదని పట్టేస్తాను. ఎంత నల్లబడితే అంత అందం దీనికి."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే కూర్చుండిపోయింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన గుడ్డ చుట్టేసి, మూట సంచిలో పెట్టుకుని బయల్దేరాడు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. పిలిచి సరిచేసింది.

"వేలింకా వంగడం లేదులే," అన్నాడు.

"జాగ్రత్తండీ," అంది ప్రేమగా. ఆయన మలుపు తిరిగేదాకా నిలబడింది.

లోపలికొచ్చి, చెత్తలో పారేద్దామని పిండి డబ్బా వెనక మూట తీసి, గుడ్డ జారితే మళ్లీ చుట్టబోయి చూసేసరికి, ఆమె చేతిలో ఉన్నది పిడి దగ్గర నెమలికంఠం రంగు మచ్చతో నల్లగా నిగనిగలాడుతున్న కత్తి.